సలోనికావాడి ఫిడేలు: దిమిత్రిస్ సెమ్సిస్ జీవితం, సంగీతం

1930ల నాటి గ్రీకు రికార్డులను వరసగా ఒక పది వింటే, ముందుగా గాయకుల గొంతుల్లోని తేడా మన చెవికి తెలుస్తుంది. రోజా ఎస్కెనాజి పాటలో ఆటతనం, రీతా అబాద్జి గొంతులో జీర, దల్గాస్‌గా పేరుపడ్డ అందోనిస్ దియామాందిదిస్ ఆలాపనలో అలలాంటి ఊగు. మరికొన్ని విన్న తరువాత ఇంకో సంగతి తోస్తుంది. గొంతులు మారుతున్నా, వాటి వెనక ఉన్న ఫిడేలు చాలాసార్లు ఒకటే. నిండైన నాదం, తొందర లేని కమాను, గాయకుడి కంటె అరక్షణం వెనకనో ముందునో నడిచే పలుకు. ఆ ఫిడేలు దిమిత్రిస్ సెమ్సిస్‌ది. ఆనాటి శ్రోతలకూ తోటి కళాకారులకూ అతను ‘సలోనికియోస్’, అంటే సలోనికావాడు.

సెమ్సిస్ గురించి రాసినవారు అతన్ని సాధారణంగా రెండు గూళ్ళలో ఏదో ఒకదానిలో పెడతారు. ఒకటి ‘మాసిడోనియా జానపద వాయులీన విద్వాంసుడు’ అన్న గూడు. రెండోది ‘రెంబెతికా గాయకుల పక్కవాద్యగాడు’ అన్న గూడు. మొదటిదానిలో అతను ఒక నేలకు ప్రతినిధి అవుతాడు. రెండోదానిలో ఇతరుల జీవిత కథలో ఒక పేరుగా మిగులుతాడు. ఈ రెండూ అతని కృషిని తక్కువగా చూపిస్తున్నాయని నా అభిప్రాయం. చెదిరిపోతున్న ఒక ఉమ్మడి సంగీతం మూడు నిమిషాల రికార్డులోకి ఏ రూపంలో చేరాలో నిర్ణయించిన కొద్దిమందిలో సెమ్సిస్ ఒకడు. అతన్ని అలా చూసినప్పుడే అతని ఫిడేలు విలువ తెలుస్తుంది.

ఊరు, ఇంటిపేరు

సెమ్సిస్ 1883 ప్రాంతంలో స్ట్రూమిత్సా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. అప్పుడది ఉస్మానియా తురుష్క సామ్రాజ్యంలో భాగం. 1912-13 బాల్కన్ యుద్ధాల తరువాత బల్గేరియాకు దక్కింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో, తరువాత యుగోస్లావియాగా పేరు మార్చుకున్న రాజ్యానికి వెళ్ళింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మళ్ళీ బల్గేరియా సైన్యం చేతిలో ఉంది. ఆపైన మళ్ళీ యుగోస్లావియా. ఇప్పుడు ఉత్తర మాసిడోనియా. ఊరు కదలలేదు, దాని మీది జెండాలే మారాయి. అక్కడి గ్రీకు కుటుంబాలు చాలామటుకు 1913లో ఇళ్ళు వదిలి దక్షిణాన కిల్కిస్ వైపు, థెస్సలొనీకి వైపు తరలిపోయాయి.

సెమ్సిస్ అన్న పేరుకు ‘షెమ్సియే’ అనే తుర్కీ మాట మూలమని, ఆ కుటుంబంలో గొడుగులు చేసే వృత్తి ఉండేదని చెబుతారు. తుర్కీలో షెమ్సియే అంటే గొడుగు. గ్రీకు మాట్లాడే క్రైస్తవ కుటుంబానికి తుర్కీ వృత్తినామం ఉండటం ఆ సామ్రాజ్యంలో వింతేమీ కాదు. పల్లెలో ఒక భాష, సంతలో మరొకటి, గుడిలో ఇంకొకటి నడిచిన చోట్ల సంగీతానికి మాత్రం వేరువేరు గదులు ఉండేవి కావు. పెళ్ళికి పిలిచినవారు ఏ మతంవారైతే వారి పాట వాయించగలగడం వాద్యగాడి బతుకుతెరువు. కాబట్టి ‘జానపద’ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఒకే ఊరి పాటలను తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన అమాయక కళాకారుడు అన్న చిత్రం సెమ్సిస్‌కు నప్పదు. అతను వృత్తి కళాకారుడు. పల్లె నాట్యాల వరసలూ, నగర కాఫీశాలల పాటలూ, ఉస్మానియా మకామ్ సంగీతమూ అతనికి సమానంగా తెలుసు.

సొంతం కాని ఊరి పేరు

అతని మారుపేరులోని ఊరు అతను పుట్టిన ఊరు కాదు. సలోనికా అన్నది థెస్సలొనీకి నగరానికి అప్పటి వాడుక పేరు. ఆ నగరం 1912లో గ్రీసు చేతికి వచ్చింది. మరుసటి ఏడాది జనగణన ప్రకారం అక్కడి జనం సుమారు 1,58,000. అందులో దాదాపు 61,000 మంది యూదులు, 46,000 మంది ముస్లింలు, 40,000 మంది గ్రీకులు. రేవులో, బజారులో, కాఫీశాలలో వినిపించిన భాషల సంఖ్య దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. స్పెయిన్ నుంచి 15వ శతాబ్దం చివర వెళ్ళగొట్టబడిన యూదుల వారసులు అక్కడ తమ పాత స్పానిష్ మాండలికంలో పాడుకునేవారు. సెమ్సిస్‌తో తరువాత విడదీయరాని పేరైన రోజా ఎస్కెనాజి అటువంటి యూదు కుటుంబంలోనే ఇస్తాంబుల్‌లో పుట్టి, సలోనికాలో పెరిగింది.

ఆ నగరం కూడా నిలవలేదు. 1917 అగ్నిప్రమాదంలో నడిబొడ్డు కాలిపోయి 70,000 మందికి పైగా నిలువ నీడ లేనివారయ్యారు. 1923లో గ్రీసు, తుర్కీల మధ్య జరిగిన జనమార్పిడి ఒప్పందం ప్రకారం ముస్లింలు వెళ్ళిపోయారు. 1943లో నాజీలు దాదాపు 50,000 మంది యూదులను ఆష్విట్జ్‌కు తరలించారు. తిరిగివచ్చినవారు అతి కొద్దిమంది. అంటే సెమ్సిస్ జీవితకాలంలోనే ‘సలోనికావాడు’ అన్న పేరు లేని నగరం పేరైంది. పుట్టిన ఊరు అతని చేతి నుంచి జారింది. పేరులోకి ఎక్కిన ఊరు అతని కళ్ళ ముందే మరొకటిగా మారింది.

ఏథెన్స్‌లో కొత్త గుంపు

1922లో గ్రీకు సైన్యం ఓడిపోయి, స్మిర్నా నగరం తగలబడిన తరువాత ఆసియా మైనర్ నుంచి జనప్రవాహం మొదలైంది. జనమార్పిడి పూర్తయ్యేసరికి సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసు చేరారు. అప్పటికి ఆ దేశపు జనాభా దాదాపు 50 లక్షలే. ఏథెన్స్ శివార్లలో, పిరేయస్ రేవు చుట్టూ గుడిసెల పేటలు లేచాయి. వచ్చినవారిలో స్మిర్నా, ఇస్తాంబుల్ కాఫీశాలల్లో చేయి తిరిగిన కళాకారులు ఎందరో ఉన్నారు. ఊదు, సంతూరు, కానూను, ఫిడేలు వారి వాద్యాలు. ‘కఫే అమాన్’ అనే సంగీతశాలలు వారికి పని కల్పించాయి.

1920ల చివరినాటికి సెమ్సిస్ ఈ ప్రపంచం నడుమ ఉన్నాడు. అతను స్మిర్నావాడు కాదు, శరణార్థి అన్న ముద్ర కూడా స్మిర్నా కళాకారులకు పడినట్టు అతనికి పడలేదు. అయినా అతని సంగీతభాష వారిదే. రోజా పాడగా, ఆర్మీనియన్ మూలాలున్న అగాపియోస్ తొంబూలిస్ ఊదు వాయించగా, సెమ్సిస్ ఫిడేలు పట్టిన త్రయం ఆ దశాబ్దంలో ఎంతో పేరు పొందింది. ఒక యూదు, ఒక ఆర్మీనియన్, ఒక స్ట్రూమిత్సా క్రైస్తవుడు కలిసి గ్రీకు పాట పాడారు. వాళ్ళు ఇదేదో ఐక్యతాప్రదర్శన అనుకోలేదు. చిన్నప్పటినుంచి వారికి తెలిసిన పద్ధతే అది.

పక్కవాద్యం అంటే

కర్ణాటక సంగీతం విన్నవారికి ఈ ఫిడేలును అర్థం చేసుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది. ఐరోపా వాద్యాన్ని తీసుకుని, దాని స్వరస్థానాలకు కట్టుబడకుండా, తమ గమకాలకు దాన్ని లొంగదీసుకోవడం మన దేశంలోనూ జరిగింది. బాలుస్వామి దీక్షితర్ కాలం నుంచి మనవాళ్ళు చేసినదీ, ఉస్మానియా నగరాల్లో వాద్యగాళ్ళు చేసినదీ ఒకే తరహా పని. మెట్లు లేని వాద్యం కావడమే దానికి కారణం. వేలు ఎక్కడ ఆగితే అక్కడ స్వరం. మకామ్ పద్ధతిలో స్వరాల మధ్య ఉండే సూక్ష్మాంతరాలు పియానో మీద పలకవు, ఫిడేలు మీద పలుకుతాయి.

మకామ్‌ను రాగంతో సమానం చేయడం తొందరపాటు. పోలికలు మాత్రం నిజం. హిజాజ్ మకామ్ మన వకుళాభరణానికి దగ్గర. హిజాజ్‌కార్ స్వరాలు వరసగా తీసుకుంటే మాయామాళవగౌళ వస్తుంది. ‘మిసిర్లూ’ అనే గ్రీకు పాట ఆ మేళంలోనిదే. దాని తొలి రికార్డులలో ఒకటి 1927లో న్యూయార్క్‌లో తయారైంది. 1962లో డిక్ డేల్ గిటారు మీద, 1994లో ‘పల్ప్ ఫిక్షన్’ సినిమాలో ఆ వరస లోకమంతా వినిపించింది. సెమ్సిస్‌కు ఆ పాటతో నేరుగా సంబంధం లేదు. సరళీవరసలతో సంగీతం మొదలుపెట్టిన మన చెవికి ఈ లోకం పూర్తిగా పరాయిది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

సెమ్సిస్ ప్రతిభ తెలియాలంటే ‘అమానే’ అనే ప్రక్రియను వినాలి. రెండు పాదాల పద్యం తీసుకుని, ‘అమాన్’ అన్న మాటను ఆసరాగా చేసుకుని, తాళం లేకుండా గాయకుడు మకామ్‌ను విస్తరిస్తాడు. అయ్యో అనుకోవచ్చు, కరుణించు అనుకోవచ్చు, ఆ మాటకు అర్థం. గాయకుడు పాడే ముందు వాద్యగాడు ‘తక్సిమి’ వాయించి దారి చూపుతాడు. మన ఆలాపన లాంటిదే. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఆ ఖాళీని నింపుతాడు. గాయకుడు పాడుతున్నప్పుడు సన్నటి నీడలా వెంటపడతాడు.

ఈ మూడు పనుల్లోనూ సెమ్సిస్ పాటించిన నిగ్రహం గమనించదగ్గది. అతని తక్సిమిలో స్వరాలు ఎక్కువ ఉండవు. ఆధార స్వరం దగ్గర మొదలై, ఒక మెట్టు పైకి వెళ్ళి, అక్కడ ఆగి, చుట్టూ చూసి, మళ్ళీ దిగుతాడు. ఆ స్వల్ప కాలంలోనే గాయకుడు ఏ స్వరం మీద నిలవాలో వినేవాడికి కూడా తెలిసిపోతుంది. అదే కాలానికి చెందిన మరో గొప్ప ఫిడేలు కళాకారుడు, స్మిర్నా నుంచి వచ్చిన యానిస్ ద్రగాట్సిస్, ఓగ్దొందాకిస్ అని పేరు. అతని వాదనలో నాట్యపు ఊపు, కమాను కరుకుదనం ఎక్కువ. సెమ్సిస్ నాదం మెత్తన. కాని ఆ మెత్తదనం మెతకదనం కాదు. తొమ్మిది మాత్రల నాట్యగతి వచ్చినప్పుడు, రెండు రెండు రెండు మూడుగా సాగే ఆ నడకలో చివరి మూడింటి మీద అతను వేసే ఒత్తు పాట మొత్తాన్ని ముందుకు తోస్తుంది.

పక్కవాద్యగాడికి తనది కాని ఊపిరిని లెక్కగట్టడం తెలియాలి. వైద్యుడు నాడి మీద వేలు పెట్టినట్టు, గాయకుడి మీద అతని ధ్యాస. రోజా చమత్కారంగా ఒక మాట విరిస్తే ఫిడేలు ఆ విరుపు దగ్గర ఆగుతుంది. దల్గాస్ గొంతు పైస్థాయికి ఎగిరితే ఫిడేలు కిందనే నిలిచి దానికి నేలవుతుంది. మన దగ్గర ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయులీనాన్ని తనంత తానే కచేరీ చేయగల వాద్యంగా నిలబెట్టారు. సెమ్సిస్ దారి అది కాదు. అతని కళ ఎక్కువభాగం ఇతరుల పాటల్లోనే ఉంది. అందుకే చరిత్రకారులకు అది సులువుగా కనబడలేదు.

మూడు నిమిషాల బరువు

సెమ్సిస్ వాయించడంతో ఆగలేదు. 1930లలో ఏథెన్స్‌లో హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీ తరఫున రికార్డింగుల కళా దర్శకుడిగా పనిచేశాడు. కొలంబియా వైపు పనయోతిస్ తూందాస్, ఓడియన్ వైపు స్పిరోస్ పెరిస్తెరిస్ అటువంటి బాధ్యతల్లోనే ఉండేవారు. ఏ గాయకురాలికి ఏ పాట, ఏ వాద్యాలు, ఏది రికార్డు చేయాలి, ఏది వద్దు అన్న నిర్ణయాలు ఈ కొద్దిమంది చేతుల్లో ఉండేవి. 1930 చివర్లో ఏథెన్స్ శివారులో కొలంబియా కర్మాగారం మొదలై రికార్డులు అక్కడే అచ్చుకావడంతో ఉత్పత్తి పెరిగింది. అమెరికాకు వలసపోయిన గ్రీకులు కూడా వీటిని కొనేవారు. ఇంటి పాట సముద్రం దాటి వెళ్ళిన మార్గాల్లో ఇదొకటి.

పది అంగుళాల రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల కంటె కొంచెమే ఎక్కువ పడుతుంది. కాఫీశాలలో ఒక అమానే ఎంతసేపు సాగాలన్నది గాయకుడి ఓపిక మీద, శ్రోతల ఉత్సాహం మీద ఆధారపడేది. రికార్డులో ఆ వెసులుబాటు లేదు. ముందు తక్సిమి, ఆపైన రెండు పాదాల పద్యం, కొన్నిటిలో చివర చిన్న నాట్యగతి. ఇవన్నీ ఆ వ్యవధిలో ఇమడాలి. దీనివల్ల జరిగిన నష్టం నిజమైనదే. విస్తారం పోయింది, సభలోని ఎదురుమాట పోయింది. రికార్డులో విన్నదే అసలు రూపమని తరువాతి తరాలవారు పొరబడ్డారు. సెమ్సిస్‌ను కీర్తించేటప్పుడు ఈ నష్టంలో అతని పాత్రనూ చెప్పాలి. అతను ఒక వ్యాపార సంస్థకు పనిచేశాడు. అమ్ముడుపోయేదాన్ని ఎంచడం అతని ఉద్యోగం.

అయితే ఆ పరిమితిలో అతను దేన్ని వదులుకోలేదో కూడా చూడాలి. తక్సిమిని వదల్లేదు. కాలం తక్కువైనప్పుడు మొదట కత్తిరించడానికి వీలైన భాగం అదే. దాన్ని పూర్తిగా తీసేయకుండా ఒకటి రెండు వాక్యాలకు కుదించాడు. ఈనాడు ఆ రికార్డుల నుంచి మకామ్ నేర్చుకోగలుగుతున్నామంటే ఆ రెండు వాక్యాలు ఉండబట్టే.

రెండు దేశాల్లో ఒకే అయిష్టం

1936 ఆగస్టు 4న గ్రీసులో మెటాక్సాస్ నియంతృత్వం వచ్చింది. మరుసటి సంవత్సరం నుంచి పాటలకు ముందస్తు పరిశీలన తప్పనిసరి అయింది. మత్తుమందుల పాటలతో పాటు అమానే కూడా ‘తూర్పు వాసన’ కొట్టే సంగీతంగా వేటుకు గురైంది. విచిత్రం ఏమిటంటే, అంతకు కొద్ది కాలం ముందు, 1934 చివరలో, తుర్కీ ప్రభుత్వం తమ రేడియోలో సంప్రదాయ తుర్కీ సంగీతాన్ని నిలిపివేసింది. ఆ నిషేధం దాదాపు రెండేళ్ళు సాగింది. ఒక దేశం ఆ సంగీతాన్ని తుర్కీదని తోసేసింది. రెండో దేశం అది పాతకాలపు ఉస్మానియాదని తోసేసింది. యుద్ధాలు చేసుకున్న ఈ రెండు రాజ్యాలూ ఒకే సంగీతాన్ని చూసి సిగ్గుపడ్డాయి. రెండింటికీ పడమటి వైపు ముఖం పెట్టిన కొత్త జాతి కావాలి.

ఇదే సమయంలో మార్కోస్ వమ్వకారిస్ వంటివారి బూజుకీ ముందుకు వచ్చింది. బూజుకీకి స్థిరమైన మెట్లుంటాయి. వాటి మీద సూక్ష్మాంతరాలు పలకవు, పడమటి స్వరమేళనం సులువుగా పలుకుతుంది. మకామ్‌ల పేర్లు ‘దారులు’ అన్న పేరుతో బూజుకీ కళాకారుల నోట బతికాయి. కాని వాటి లోపలి స్వరాలు సమం అయిపోయాయి. సరిగ్గా ఇదే భయంతో మన ఆకాశవాణి 1940లో హార్మోనియంను దూరం పెట్టి, మూడు దశాబ్దాల పాటు దానికి తలుపు తెరవలేదు. గ్రీసులో అటువంటి పట్టింపుతో మకామ్ వైపు నిలిచిన సంస్థ లేదు. 1941లో జర్మన్ ఆక్రమణతో రికార్డింగులు ఆగిపోయాయి, 1946 దాకా మళ్ళీ మొదలు కాలేదు. ఆకలి చావుల ఆ సంవత్సరాల్లో, 1942లో, తూందాస్ చనిపోయాడు. యుద్ధం తరువాతి గ్రీసు బూజుకీ గ్రీసు. సెమ్సిస్ 1950 జనవరిలో ఏథెన్స్‌లో కన్నుమూసేనాటికి అతని ఫిడేలు ధ్వని పాతబడిపోయింది.

ఎవరి వారసత్వం

1960ల తరువాత రెంబెతికా మీద ఆసక్తి మళ్ళీ పుట్టింది. 1968లో ఇలియాస్ పెట్రోపులోస్ సైనిక పాలనలో ఆ పాటల సంకలనం అచ్చువేసి జైలుకు వెళ్ళాడు. ఆ పునరుద్ధరణకు మనం రుణపడి ఉన్నాం. దాని చూపు మాత్రం ఒక వైపే ఉండిపోయింది. హషీష్ గుడిసెలు, జైళ్ళు, బూజుకీ పట్టిన తిరుగుబాటుదారులు దాన్ని ఆకర్షించారు. చొక్కా, టై కట్టుకుని, కంపెనీ గదిలో గాయకులను పరీక్షించి, వాద్యబృందానికి స్వరం సరిచేయించిన ఫిడేలు కళాకారుడిలో ఆ కథకు కావలసిన నాటకం దొరకలేదు. 2017లో యునెస్కో రెంబెతికాను మానవజాతి అమూర్త వారసత్వాల పట్టికలో, గ్రీసు పేరు మీద, చేర్చింది. గౌరవం న్యాయమే. కాని ఆ నమోదులో దేశం గడిలో ఒక్క పేరే ఉంది. స్ట్రూమిత్సాలో పుట్టి, తుర్కీ మూలపు ఇంటిపేరుతో, సలోనికా మారుపేరుతో, యూదు గాయనికి, ఆర్మీనియన్ ఊదుకు తోడుగా ఏథెన్స్‌లో వాయించినవాడిని ఆ గడిలో ఎలా రాస్తాం?

ఈ ప్రశ్న బాల్కన్ చరిత్రకారులది మాత్రమే అనుకోనక్కరలేదు. ఊరి పేరును ఇంటిపేరుగా మోస్తూ, ఆ ఊరికి ఎన్నడూ తిరిగి వెళ్ళని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. పరాయి దేశంలో పిల్లలకు సంగీతం నేర్పించేటప్పుడు, మనం వదిలి వచ్చిన నాటి పాటనే అసలైనదని పట్టుకుని కూర్చుంటాం. సెమ్సిస్ చేసిన పని అందుకు భిన్నం. కొత్త నగరం, కొత్త యంత్రం, కొత్త గాయకులు, మూడు నిమిషాల గడువు. అన్నిటికీ ఒప్పుకున్నాడు. దేన్ని కుదించవచ్చో, దేన్ని కుదిస్తే పాట పాటగా మిగలదో అతనికి తెలుసు. స్వరానికి స్వరానికి మధ్య ఉన్న ఆ సూక్ష్మమైన ఎడాన్ని మాత్రం చివరివరకూ వదల్లేదు.

అతని రికార్డులు ఇప్పుడు తేలిగ్గానే దొరుకుతున్నాయి. వినదలచినవారికి ఒక మనవి. మొదటిసారి గాయకుడి కోసం వినండి. రెండోసారి గొంతును పక్కన పెట్టి, ఊపిరికి ఊపిరికి మధ్య ఫిడేలు ఏం చేస్తోందో వినండి. ఆనాటి సలోనికా ఎలా మాట్లాడేదో తెలుసుకోవడానికి మనకు మిగిలిన ఆధారాల్లో ఆ ఫిడేలు ఒకటి.